గంటసేపు సాంచాలు బంద్

"యాకన్నా, నీ కాళ్ళు మొక్కుత. ఒక్క వారం. రోజుకు గంటసేపు సాంచాలు బంద్ పెట్టియ్యి."

తన దగ్గర పనిచేసే నర్సింగం మాటకు షెడ్డు ఓనరు యాకయ్య నోరు తెరిచాడు. ఎనిమిది సాంచాలు, అంటే మరమగ్గాలు, పొద్దున్నుంచి నడిరాత్రిదాకా ఆడితేనే ఆయన ఇల్లు గడిచేది. వాటిని ఆపమంటున్నది ఎందుకయ్యా అంటే, కూతురు గిటార్ వాయించుకోవాలట!

"కొత్తవాడల సాలోల్ల పిల్లకు గిటారేందిరా?"

"గదే నా కర్మన్నా. పోటీ దగ్గరికొచ్చింది. బంద్ పెట్టిన గంట పని పొద్దుగాల్నే వచ్చి తీరుస్తం."

కర్మ అన్నాడు గానీ, అంటుంటే మొహం వెలిగిపోయింది. మూడేళ్ళ కింద ఒక పెళ్ళిలో కాజీపేట బ్యాండు కొమురెల్లి మాస్టారి గిటార్ చూసి కూతురు రాజేశ్వరి అక్కణ్ణుంచి కదలనంది. ఆ మొండితనం నచ్చి మాస్టారు తన పాత గిటార్ ఇచ్చాడు. వారానికోసారి ఇంటికొచ్చి నేర్పాడు. ఇల్లంటే ఎంతని, షెడ్డు గోడకు ఆనుకున్న ఒక్క గది. రాజేశ్వరి వాయించిందంతా అక్కడే.

వచ్చే ఆదివారం హన్మకొండలో పోటీ. ఒక్కరే వాయించాలి, మూడే నిమిషాలు. ఫస్టు వచ్చినవాళ్ళకు హైదరాబాదులో రెండేళ్ళు ఉచితంగా నేర్పిస్తారు, తిండీ వసతీ వాళ్ళదే. రాకపోతే? పదో తరగతి అయిపోయింది. సోమవారం నుంచి ఇదే షెడ్డులో నూలు కండెలు చుట్టాలి.

నిన్న మాస్టారు గిటార్‌కు చెవి ఆనించి మరీ విన్నాడు. "ఫస్టు ప్రైజు మనదే, రాసి పెట్టుకో! జర ఈ సాంచాల లొల్లి లేకపోతె ఇంకెట్లుండునో!" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకునే నర్సింగం ఓనరు కాళ్ళ దాకా వచ్చాడు.

యాకయ్య చెడ్డవాడేం కాదు. ఒప్పుకున్నాడు.

సాయంత్రం నాలుగింటికి షెడ్డు మూగబోయింది. పనివాళ్ళంతా వచ్చి నర్సింగం ఇంటి గుమ్మంలో కూలబడ్డారు. నర్సింగమైతే పెళ్ళికొడుకులా ముందు కూర్చున్నాడు. మరి, బిడ్డ పాట ఆయన సరిగా విన్నదెప్పుడు?

రాజేశ్వరి మొదలుపెట్టింది. అర నిమిషం కూడా కాలేదు, పాట ఎక్కడికో జారింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ జారింది.

"ఇంతమందిని చూసి భయపడ్డది పిల్ల. లేవండ్రి, లేవండ్రి!" అని నర్సింగం అందరినీ తరిమాడు.

మర్నాడు ఎవరూ లేరు. అయినా అదే తంతు. పక్కింటి రేడియో మీద పడ్డాడు నర్సింగం. వాళ్ళ కోళ్ళనూ తోలాడు. భార్య లింగమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. మాస్టారు వచ్చి తీగలు మార్చి, తలగోక్కుని వెళ్ళిపోయాడు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, గిటార్ ఉంది, టైం ఉంది, ఊరికి ఊరే నోరు మూసుకుంది. పాట మాత్రం రాదు.

"ఏమైతాంది బిడ్డా? నాకన్నా చెప్పు."

"నాకే తెల్వది బాపూ. పాట మనసుల మంచిగనే ఉన్నది. వేళ్ళకే దొరుకుతలేదు."

చెప్తూ ఏడ్చింది. మగ్గం మీద పోగు తెగితే చీకట్లోనైనా అతికించే నర్సింగానికి ఇక్కడ ఎక్కడ తెగిందో కూడా తెలియలేదు. శుక్రవారం కోపం ఆగక, "మంది కాళ్ళు మొక్కి సాంచాలు బంద్ పెట్టిస్తాన్న, నీకు సోయి లేదానే!" అని అరిచాడు. అరిచాక బయటికి పోయి తనే ఏడ్చాడు.

ఆదివారం రానే వచ్చింది. హాలు నిండా జనం. రాజేశ్వరి స్టేజీ ఎక్కేసరికి లోపల చీమ చిటుక్కుమనలేదు. నర్సింగం కళ్ళు మూసుకుని తెలిసిన దేవుళ్ళందరికీ దండం పెట్టాడు. నిమిషం తిరక్కుండానే పాట తప్పింది. సర్దుకుంది. మళ్ళీ తప్పింది. మూడోసారి ఆగిపోయి, బెల్లు కొట్టేదాకా అట్లాగే తలవంచుకు కూర్చుంది.

తిరిగొచ్చేటప్పుడు రిక్షాలో గిటార్‌ను నర్సింగమే ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

సోమవారం పొద్దున బిడ్డ మొహం చూసే ధైర్యం లేక నర్సింగం అందరికంటే ముందే షెడ్డుకు వచ్చాడు. గోడ పక్కనున్న తన సాంచా ఒక్కటే నడిపించాడు. టకటకా, టకటకా అది అందుకుంది.

గోడకు పైనున్న కిటికీలోంచి గిటార్ వినపడింది. మాస్టారికి తిరిగిచ్చేసే ముందు ఆఖరుసారి వాయించుకుంటోంది కాబోలు అనుకున్నాడు. అర నిమిషం దాటింది. నిమిషం దాటింది. ఎక్కడా జారలేదు! మెలికలన్నీ తిరిగి, పాట ఏటి నీళ్ళలా సాగిపోతోంది. వారం రోజులు వినాలని ఆయన తహతహలాడిన పాట ఇదే.

"అయ్యో, నా బిడ్డా! నిన్న ఏడ పోయింది ఇది?" నర్సింగం కళ్ళవెంట నీళ్ళు కారిపోయాయి.

ఇంకా బాగా వినాలని చెయ్యి చాచి సాంచాను ఆపాడు. టకటక ఆగీ ఆగగానే గోడ అవతల పాట తాళం తప్పి, తడబడి, అక్కడే నిలిచిపోయింది.