నా చావు రవిక

“రాయి నాయనా,” అని కోర్టు గుమస్తాకు చెప్పాను. “తుంటి ఆపరేషన్ అయ్యాక నాకు రొట్టె సయించదు, బతకబుద్ధి కాదు. కానీ బుర్ర బాగానే ఉంది.

“మా ఊరు కొమలాపాలో చచ్చాక తొడిగే రవికను ఏ ఆడదైనా తానే నేసుకోవాలి. నేను నేసిందల్లా కోడలు ఎవులాలియా విప్పేస్తోంది. అడిగితే ‘నేనెందుకు విప్పుతానత్తా’ అని ఏడుస్తుంది. దొంగ ఏడుపు. సాక్ష్యంగా నేను నడుముకు కట్టుకుని నేసే చిన్న మగ్గమే తెచ్చి ఒళ్లో పెట్టుకున్నాను. నన్ను కొన్నబట్టలో పాతిపెట్టాలని దాని ఎత్తు. దాన్ని జైల్లో వేయించు.”

గుమస్తా కలం ఆపాడు. “అవ్వా, నీ చేతులు చూసుకో.”

మాట్లాడుతున్నంతసేపూ నా వేళ్లు ఊరుకోలేదు. జానెడు నేత ఊడి, ఎర్రదారం నేలమీద పడి ఉంది.

“కోడలి పేరు కొట్టేసి నా పేరు రాయి,” అన్నాను. “తొందరగా రాయి నాయనా, మళ్లీ మరిచిపోతాను.”