పై సత్రానికి

మా నార్వే కొండల్లో సత్రం విడిచి వెళ్లేవాళ్లు, ఇక్కడినుంచి ఎటు వెళ్తున్నారో పుస్తకంలో రాసి కదలాలి. మనిషి తప్పిపోతే అది చూసే వెతుకుతారు.

"ఏం హాల్వోర్, ఈసారైనా వెనక్కేనా? డెబ్బై మూడొచ్చాయి. నీ మోకాళ్ల మూలుగు రాత్రంతా విన్నాం," అని సత్రం చూసుకునే ఆవిడ నవ్వింది.

"నీ గురకలో అది కూడా వినిపించిందా?" అంటూ హాల్వోర్ ఏటా రాసినట్టే రాశాడు: 'కనుమ దాటి, పై సత్రానికి.'

సంచీ వీపున వేసుకుని మలుపు తిరిగాడో లేదో మోకాలు పట్టేసింది. చాలాసేపు బండమీద కూర్చున్నాడు. చివరికి ఎవరి కంటా పడకుండా వెనకవైపు గొర్రెల దారిన దిగిపోయాడు.

సాయంత్రం లోయలోకి వచ్చేసరికి మంచు దట్టంగా కురుస్తోంది. అతని కారు పక్కనే భార్య కారు ఉంది. జేబులో ఫోన్ మోగింది.

"హాల్వోర్! ఎక్కడున్నారు మీరిద్దరూ? పై సత్రానికి ఇంకా చేరలేదట!" సత్రం ఆవిడ గొంతు.

"ఇద్దరం ఏమిటి?"

"గుండె మాత్రలు ఇంట్లో మరిచిపోయావటగా. మధ్యాహ్నం రాగ్నా పట్టుకొచ్చింది. మబ్బు పట్టింది, కనుమ ఎక్కొద్దు, అతను వెనక్కి తిరిగి ఉంటాడేమో అని బతిమాలాను. వింటేగా!"

హాల్వోర్ తల తిప్పి కనుమ వైపు చూశాడు.

"నువ్వు రాసింది వేలుపెట్టి చూపించింది. 'నా మొగుడు నలభై ఏళ్లలో ఈ పుస్తకంలో ఒక్క అబద్ధం రాయలేదు' అని వెళ్లిపోయింది."