ఒంటి ప్రాణం

అక్క దానిమ్మ గింజలు ఒలిచి, గిన్నె నిండా పోసి చెల్లెలి చేతికిచ్చింది.

"తిను. రక్తం పడుతుంది."

బుద్ధెరిగాక అక్క తనకి పండు ఒలిచి పెట్టడం ఆమె చూడలేదు.

వారం నుంచీ ఇంట్లో ఇదే వరస. తమ్ముడు ఎక్కడికి వెళ్ళాలన్నా బండి మీద దించుతున్నాడు. వదిన పాలు కాచి మంచం దగ్గరికే తెస్తోంది. కొత్తల్లుడికి కూడా ఇన్ని మర్యాదలు జరిగి ఉండవు.

అన్నయ్యకి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. ఇంట్లో ఎవరో ఒకరు ఒకటి ఇవ్వాలి.

వదినకి షుగరు, ఇవ్వకూడదన్నారు. అక్కకి పిల్లలున్నారు. తమ్ముడికీ ఉన్నారు.

"దీనికేముంది, ఒంటి ప్రాణం" అంది అక్క. "పెళ్ళా, పెటాకులా? పిల్లా జెల్లా ఉన్నారా?"

తమ్ముడు తలూపాడు. విషయం తేలిపోయింది.

ఇస్తావా అని ఆమెని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. పక్కింట్లో నిచ్చెన ఊరికే పడుంది కదా అని పట్టుకొచ్చినట్టే.

ఆమెకి కోపం రాలేదు. భయమూ వెయ్యలేదు. ఆసుపత్రిలో సూది గుచ్చుతుంటే అది ఎవరి చెయ్యో అన్నట్టు చూస్తూ కూర్చుంది.

ఈ మొద్దుబారడం ఇవాళ్టిది కాదు.

ఇంట్లో ఎవరికి పురుడొచ్చినా ఆసుపత్రి కాపలా ఆమెదే. ఎవరి పిల్లలకి జ్వరమొచ్చినా సెలవు పెట్టేది ఆమే. "నీకేమే, ఒంటికాయ శొంఠికొమ్మువి" అనేవాళ్ళు. ముద్దుగానే అనేవాళ్ళు, అదొక ఖర్మ.

ఆమె కారు నడపడం నేర్పుతుంది. డ్రైవింగ్ స్కూల్లో ఆమె పేరు క్లచ్ మేడమ్. "క్లచ్, క్లచ్!" అని గొంతు చించుకుని సంపాదించుకున్న పేరు. కార్లను చూస్తేనే వణికిపోయే వాళ్ళని ఏరి మరీ ఆమెకి అప్పగిస్తారు.

ఆ మాట ఇంట్లో చెబితే, "మంచిదే, కాలక్షేపం" అంటారు.

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు అందరినీ బయటికి పంపి తలుపు వేసింది.

"ఇచ్చేవాళ్ళతో ఒంటరిగా మాట్లాడాలి. అది మా పద్ధతి. అన్నీ సరిపోయాయి. మరి మీకిష్టమేనా?"

ఆమె చుట్టూ చూసింది. గదిలో ఇంకెవరూ లేరు.

"పిల్లల్లేరు కదండీ నాకు."

"నేనడిగింది అది కాదమ్మా."

ఫ్యాను తిరుగుతోంది. ఆమె తలుపు వంక చూసింది.

"మీరు వద్దంటే ఇక్కడితో ఆపేస్తాను" అంది డాక్టరు. "బయటివాళ్ళకి కుదరదని చెబుతాను. ఎందుకన్నది మీకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలీదు."

"నిజంగా తెలీదా?"

"తెలీదు."

"అయితే వద్దండీ."

రోడ్డు మీదకి పిల్లి దూకితే కాలు బ్రేకు మీదకి పోతుందే, అలా వచ్చేసింది మాట. అన్నది తనేనా అని ఆమెకే ఆశ్చర్యమేసింది. బాధగా ఉందా అని వెతుక్కుంది. ఏమీ తగల్లేదు.

డాక్టరు తలుపు తీసి, బయట కూర్చున్నవాళ్ళతో ఒక్కటే మాట అంది.

"ఆవిడది కుదరదండీ."

"అయ్యో, ఇదెక్కడి గ్రహచారం!" అక్క నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "దీనిదైతే ఏ బాదరబందీ లేకపోయేది. నాకు చూస్తే పిల్లలాయె."

తమ్ముడు ఫోను తీసి అందులోకి దూరాడు. వదిన గోడకి చేరగిలబడి కళ్ళు మూసుకుంది.

నీకేమైనా ఇబ్బంది ఉందా, అసలెందుకు కుదరదన్నారు, అని ఎవరూ అడగలేదు. అడుగుతారేమోనని సిద్ధం చేసుకున్న అబద్ధం నోట్లోనే ఉండిపోయింది.

ఆమె అన్నయ్య దగ్గరికి వెళ్ళింది. మంచం పక్కన రక్తం శుభ్రం చేసే మిషను తిరుగుతోంది, చేతి నుంచి గొట్టాలు వేలాడుతున్నాయి. అప్పటికే తమ్ముడు ఫోన్లో కబురు చేరవేశాడు.

ఆమెని చూడగానే అన్నయ్య నవ్వాడు.

"హమ్మయ్య" అన్నాడు.

"హమ్మయ్యేంటి అన్నయ్యా? పిచ్చా నీకు?"

"ఆపరేషనైతే కొన్నాళ్ళు స్టీరింగు పట్టుకోనివ్వరట. కనుక్కున్నాలే. మరి ఆ పెద్దావిడ గతేంటే? రివర్సు అంటేనే ఏడుస్తుందన్నావు, నువ్వు పక్కన లేకపోతే బండెక్కదన్నావు."

తన దగ్గర కారు నేర్చుకుంటున్న ఆ పెద్దావిడ సంగతి ఆమె ఎప్పుడో మాటవరసకి చెప్పింది. అప్పుడతను పేపరు చదువుకుంటున్నాడు.

"ఎక్కుతోందా ఇప్పుడు?"

"ఎక్కుతోంది. మొన్న సందులోంచి తనే వెనక్కి తీసింది."

"తీసిందీ! చూశావా మరి!"

పరీక్ష తనే పాసైనట్టు మురిసిపోయాడు. ముఖం ఉబ్బిపోయి ఉంది, పెదాలు ఎండిపోయాయి. కాసేపటికి నవ్వు ఆగిపోయింది.

"వాళ్ళు అనేసుకున్నారు గానీ, అడగాల్సింది నేను కదే" అన్నాడు. "రోజూ అనుకున్నా. నోరు రాలేదు. నీ బతుకు నీకుంది, ఏ మొహం పెట్టుకుని అడగను?"

ఆమె మంచం పట్టీ పట్టుకుంది.

దీనికేముంది అని అతనూ అని ఉంటే బాగుండేది. హాయిగా ఇంటికి పోయి పడుకునేది. వారం నుంచీ రాని ఏడుపు ఇప్పుడొచ్చింది.

"ఛ, ఏడుస్తావేంటే పిచ్చిమొహమా. కుదరకపోతే నువ్వేం చేస్తావు?"

"నువ్వు పడుకో అన్నయ్యా. ఇప్పుడే వస్తా."

డాక్టరు గది బయట ఇంకా ఇద్దరు పేషెంట్లు పిలుపు కోసం కూర్చుని ఉన్నారు. ఆమె వెళ్ళి వాళ్ళ పక్కన, తన వంతు కోసం కూర్చుంది.