లెక్కల మాస్టారెవరు?

మొదటి దెబ్బకే కళ్ళజోడు ఎగిరి బీరువా కింద పడింది.

"లెక్కల మాస్టారు మీరేనాండీ?" అని రాంబాబు మర్యాదగానే అడిగాడు. "నేనేనండీ, చెప్పండి" అంటూ ఆ మనిషి కుర్చీలోంచి లేవబోయాడు. అంతే, మర్యాద అక్కడితో సరి.

చందర్లపాడు దగ్గర ఒక ఊరి యూపీ స్కూల్లో అప్పుడు ఇంటర్వెల్. పిల్లలంతా కుళాయి దగ్గర కేకలు వేసుకుంటున్నారు. ఆ గోలలో స్టాఫ్ రూములోని కేకలు ఎవరికీ వినపడలేదు.

రాంబాబు లారీ డ్రైవరు. నెలకి ఇరవై రోజులు రోడ్ల మీదే ఉంటాడు. కూతురు రాజ్యశ్రీ చదివే బడిలో అతను కాలు పెట్టడం ఇదే మొదటిసారి. ఏప్రిల్లో, ఏడో తరగతి చివర్లో, ఆ పిల్ల ఒక భిన్నం తప్పు చేసింది. లెక్కల మాస్టారు లాగి చెంప మీద కొడితే ఎడమ చెవిలోంచి నెత్తురు కారింది. నాన్నకి తెలిస్తే ఏం జరుగుతుందో ఆ పిల్లకి తెలుసు. సెలవులన్నీ నోరు విప్పలేదు. పోయిన వారం విజయవాడ డాక్టరు చూసి కర్ణభేరి చిరిగిపోయిందన్నాడు. ఆ చెవి ఇక సరిగ్గా పనిచెయ్యదన్నాడు.

ఒక భిన్నానికి ఒక చెవి. అలాంటివాణ్ణి కూడా మాస్టారనే పిలవాలి. ఊళ్ళో పేర్లెవరికి కావాలి? తెలుగు మాస్టారు, హిందీ టీచరు, లెక్కల మాస్టారు, అంతే.

"ఎందుకు కొడుతున్నారండీ?" కింద పడ్డవాడు అడిగాడు.

"రాజ్యశ్రీ నాన్నని."

"రాజ్యశ్రీ ఎవరు?"

ఆ ప్రశ్నతో రాంబాబుకి పిచ్చెక్కింది. "ఏ పిల్లో కూడా గుర్తు లేదురా నీకు?" అని జుట్టు పట్టుకుని బల్లకేసి బాదాడు. ముక్కు చితికింది. కడుపులో తన్నాడు. ముడుచుకుపోయినవాణ్ణి వీపు మీద తన్నాడు. ఎడమ చెవి మీద చెప్పుకాలు వేసి నొక్కాడు.

"వినపడుతోందా? చెప్పరా, వినపడుతోందా?"

"నేను కాదండీ..."

పట్టుబడ్డ ప్రతివాడూ అనే మాటే అది. రాంబాబు ఇంకో రెండు తన్నాడు.

ప్రధానోపాధ్యాయురాలు ప్రమీలారాణి పరుగెత్తుకొచ్చి అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.

"చచ్చిపోతాడయ్యా, వదులు! ఎవరు నువ్వు?"

"రాజ్యశ్రీ నాన్ననండి. మా పిల్ల చెవి పోగొట్టాడు వీడు. పోలీసుల్ని పిలుచుకోండి, జైలుకైనా పోతా."

"అందుకేనా శనివారం మీ ఆవిడొచ్చి టీసీ పట్టుకెళ్ళింది?"

"అందుకేనండి. పిల్ల ఇక్కడుండగా నేనీ పని చేస్తే దాన్ని బతకనిస్తారా? జగ్గయ్యపేటలో మా చెల్లెలింట్లో పెట్టా. పొద్దున్నే పత్తిమిల్లు పక్క హైస్కూల్లో ఎనిమిదో తరగతిలో కూర్చోబెట్టి, బడి గంట కొట్టాకే బండెక్కా. ఇంక దాని మీద ఏ లెక్కల మాస్టారి చెయ్యీ పడదు."

ఆ మాట అన్నాక అతని గొంతు కాస్త నెమ్మదించింది. కళ్ళు తుడుచుకున్నాడు.

పోలీసులకి ఫోను చెయ్యబోతున్న ప్రమీలారాణి ఆగిపోయింది.

"ఏ హైస్కూలన్నావ్?"

"పత్తిమిల్లు పక్కదండి. పేటలో."

ఆవిడ నేల మీద మూలుగుతున్న మనిషిని చూసింది. రాంబాబుని చూసింది.

"ఈయన గంట కిందటే ఇక్కడ జాయినయ్యాడయ్యా, మీ పిల్లని కొట్టిన లెక్కల మాస్టారు ప్రమోషన్ మీద ఇవాళ పొద్దున్నే ఆ హైస్కూల్లో జాయినయ్యాడు."