అడుగున మోత

“నా పెళ్ళాన్ని నాకు కాకుండా చేసింది నువ్వేరా, టాడ్ నీమీ!”

మంచు తోసే బండిని గారేజీకి అడ్డంగా ఆపి, బూట్లయినా దులపకుండా లోపలికొచ్చాడు వెర్న్ హౌగెన్. తీగలు, మీటలు, రెండు స్పీకర్లు. వాటి మధ్య ఉన్ని టోపీ పెట్టుకుని టాడ్. ముప్పై అయిదేళ్లొచ్చినా ఒక్క ఉద్యోగం వెలగబెట్టింది లేదు. ఏటా చలికాలానికి మాటా తాళం లేని సంగీతం ఒకటి చేసి జనం మీదికి వదులుతాడు. పనీపాటా లేనివాళ్లు అది పెట్టుకుని కిటికీలోంచి మంచు చూస్తారట!

“మార్లిస్ వదిన డులూత్‌లో వాళ్లక్క దగ్గరుంది కదన్నా?”

“ఉంది. పక్క ఎక్కితే నీ సంగీతమేనట. అది లేకపోతే కన్ను మూతపడదట. వాళ్లక్కే చెప్పింది. నా పెళ్ళానికి నువ్వు జోల పాడతావా?”

“అసలెందుకు వెళ్లింది?”

“గురకట! మా నాన్న గురకకి కిటికీలు అదిరేవి. మా అమ్మ ఎక్కడికైనా పోయిందా? పైగా సాక్ష్యమని ఫోన్లో రికార్డు చేసింది మహాతల్లి. విననుపో అన్నాను. రెండు నెలల్నుంచి డబ్బా సూపు తాగి బతుకుతున్నా. నువ్వా దిక్కుమాలిన పాట తీసెయ్. అదే ఇంటికొస్తుంది.”

టాడ్ మీట నొక్కాడు. చర్చి గంటలాంటిది సన్నగా మోగింది.

“గడ్డకట్టిన సరస్సు మీద చేపల కోసం మంచు పొడిచే గడ్డపార చప్పుడిది. బాగా సాగదీశాను. నా పనంతా అదే.”

“పని లేనోడు ఏదైనా సాగదీస్తాడు.”

గంట మోత కింద ఇంకేదో మెల్లగా పొంగింది, తగ్గింది, మళ్లీ పొంగింది. వెర్న్ మొహం చిట్లించాడు.

“అన్నిట్లోకీ దరిద్రం ఇది! జబ్బుపడ్డ ఎలుగుబంటి గుహలో మూలుగుతున్నట్టుంది.”

“జనం మెచ్చుకునేది దాన్నే. గాలి అనుకుంటారు. గాలి కాదు, మనిషి.”

“ఎవడాడు? సిగ్గుండక్కర్లా?”

టాడ్ కాస్త తటపటాయించాడు. “వదినే తెచ్చిచ్చింది. ఆ కుర్చీలో కూర్చుని ఏడ్చింది. ‘అన్నిటికన్నా అడుగున పెట్టు టాడ్, ఎవరూ గుర్తుపట్టకూడదు, నాకు వినబడితే చాలు’ అంది.”

వెర్న్ మెడ నరాలు ఉబ్బాయి. ఇంతకాలం తను తిట్టింది అసలు మనిషిని కాదన్నమాట. ఇంకొకడున్నాడు.

“పేరు చెప్పు.”

“సాగదీయకుండా వినిపిస్తా. నువ్వే గుర్తుపట్టు.”

“గుర్తుపట్టానా, ఆ బండితోనే వాణ్ని తొక్కించేస్తా.”

టాడ్ మీట వెనక్కి తిప్పాడు.

స్పీకర్లలో వెర్న్ గురక పెడుతున్నాడు.