మీ పిల్ల

పెళ్ళయిన పన్నెండేళ్ళకు మేబెల్ ఇంట్లో ఉయ్యాల కట్టారు.

పాప వచ్చిన దగ్గర్నుంచి ఆమెకు తిండి లేదు, నిద్ర లేదు. కాళ్ళు చాపుకుని పాపను బోర్లా పడుకోబెట్టి, నూనె రాసి నీళ్ళు పోసేది. సాంబ్రాణి పొగ వేసేది. ఉతికిన గుడ్డలు ఆరకముందే మళ్ళీ తడిగుడ్డల కుప్ప తయారయ్యేది. దోమ కుడితే ఎలా అని భర్త రిచర్డ్‌ను మోండా మార్కెట్‌కు తరిమి దోమతెర తెప్పించింది. పాప తుమ్మితే ప్రార్థన, ఆవలిస్తే ప్రార్థన.

"యేసయ్యకు వేరే పని ఉండనిస్తావా లేదా?" అని రిచర్డ్ నవ్వేవాడు. అతను రైల్వే ఆఫీసులో గుమాస్తా.

ఒక్కటే లోటు. మేబెల్‌కు పాలు లేవు.

పాలిచ్చేది పక్క పోర్షన్‌లో ఉండే సుమిత్ర. పాతికేళ్ళు నిండలేదు, అప్పటికే ముగ్గురిని కన్నది. ఆమె ఇంట్లో మాత్రం పసిబిడ్డ ఏడుపు వినపడదు. పాలేమో రవికె తడిసిపోయేంత. దేవుడు ఎక్కడ ఏది పెడతాడో ఆయనకే తెలియాలి.

రెజిమెంటల్ బజార్‌లో ఆ రెండు ఇళ్ళకూ మధ్య ఒక్క గోడే అడ్డం. పాప ఏడుపు వినగానే సుమిత్ర వచ్చేది. వెనకే ఆమె అత్త అనసూయమ్మ వచ్చి గడప దగ్గర కాపలా కూర్చునేది. సుమిత్ర పాప ముఖం మీద కొంగు కప్పి, తను గోడవైపు తిరిగి పాలిచ్చేది. అయిపోగానే పాపను మేబెల్ చేతుల్లో పెట్టేసి, తల తిప్పుకుని లేచిపోయేది.

"తాగిందా? ఇగ లే" అనేది అనసూయమ్మ.

మేబెల్‌కు ఒళ్ళు మండేది.

"ఒక్కసారి చూస్తే ఏం పోతుంది సుమిత్రా? ఎంత చక్కగా నవ్వుతోందో!"

"మీ పిల్ల మీకు ముద్దక్కా. నాకెందుకు?"

"ప్రేమమణి అని పేరు పెడదామనుకుంటున్నాం. బాగుందా?"

"పేరుకేముంది! పిలిస్తే పలికే ఈడు రానియ్యుండ్రి."

మేబెల్ పాపను గుండెలకు హత్తుకుంది. పసిదాని ముందు అనే మాటేనా అది? సాయంత్రం రిచర్డ్ దగ్గర చెప్పుకుని వాపోయింది. రిచర్డ్‌కు అసలు ఈ ఏర్పాటే మొదటినుంచీ నచ్చలేదు.

"ఎన్నాళ్ళిలా?" అన్నాడు.

"ఏడాది దాకా అన్నారుగా."

ఆ ఏడాది తొందరగా గడవకూడదని మేబెల్‌కు లోపల ఉండేది. ఆ సంగతి మొగుడికి కూడా చెప్పలేదు.

గుంటూరు నుంచి రిచర్డ్ మేనత్త సలోమి వచ్చింది. చూపు సరిగ్గా ఆనదు. పాపను తడిమి తడిమి చూసి, "అచ్చం నీ ముక్కేనే మేబెల్!" అంది. మేబెల్ ముఖం విప్పారింది. ఆ పక్కనే ఉన్న సుమిత్ర దిగ్గున లేచి, చెప్పకుండానే వెళ్ళిపోయింది. ఓర్వలేదు అనుకుంది సలోమి.

మరోనాడు కొంగు కింద సుమిత్ర చెయ్యి కదలడం మేబెల్ చూసింది. పాప పాదాన్ని తడుముతోంది, ఒక్కొక్క వేలూ. గడప దగ్గర అనసూయమ్మ దగ్గింది. సుమిత్ర చెయ్యి లాగేసుకుంది.

మూడో నెలలో ముసురు పట్టింది. పాపకు ముందు జలుబు, ఆపైన జ్వరం. ఓ పొద్దున డొక్కలు ఎగరెయ్యడం మొదలుపెట్టింది. పాలు తాగడం లేదు. మేబెల్ పాపను ఎత్తుకుని పక్కింటికి పరిగెత్తింది.

"సుమిత్రా, నీ గొంతు దీనికి తెలుసు. ఒక్కసారి పిలువు తల్లీ. నోరు తెరుస్తుందేమో!"

సుమిత్ర గోడకు నుదురు ఆనించి నిలబడింది.

"నేను పిల్వనక్కా. దవాఖానకు తీస్కపోండ్రి. జల్ది పోండ్రి."

"నీది గుండేనా, బండరాయా?"



రిచర్డ్ ఆటో తెచ్చాడు. అత్తాకోడళ్ళు ఆసుపత్రికి వెనకాల నడిచి వచ్చారు. వానలో తడిశారు. సుమిత్ర వార్డులోకి రాలేదు. వరండాలో తలుపుకు వీపు పెట్టి కూర్చుంది.

డాక్టరమ్మ పాపను చూసి పెదవి విరిచింది.

"న్యుమోనియా. రెండు వైపులా పట్టేసింది. తల్లెవరు?"

మేబెల్ ఒక్క క్షణం వరండా వైపు చూసింది.

"నేనే" అంది.

సూదులు పొడిచారు. ఆక్సిజన్ పెట్టారు. మేబెల్ మోకాళ్ళ మీద పడి ప్రార్థన చేసింది. ఎవరి చేతిలోనూ ఏమీ లేకపోయింది. మధ్యాహ్నం దాటేసరికి పాప ఎగశ్వాస ఆగిపోయింది. ఏర్పాటు నచ్చలేదన్న రిచర్డే అందరికంటే గట్టిగా ఏడ్చాడు.

మేబెల్‌కు ఏడుపు రాలేదు. పాపను తువ్వాలులో చుట్టి వరండాలోకి తెచ్చింది. సుమిత్ర ఒళ్ళో పెట్టింది. సుమిత్ర అలవాటు కొద్దీ కొంగు లాగి పాప ముఖం మీద కప్పబోయింది. అనసూయమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. 

"ఇగ చూస్కో బిడ్డా. ఇగ ఏం భయం లేదు."

ముందు పుట్టిన ఇద్దరిలా ఇదీ దక్కకుండా పోతుందేమోనని, పుట్టిన రోజే చేటెడు తవుడు తీసుకుని మేబెల్‌కు అమ్మేసిన తన మూడో బిడ్డ ముఖాన్ని సుమిత్ర అప్పుడే మొదటిసారి చూసింది.