ఆరు గ్రాముల రసీదు

“నీ బిల్లు నమ్మరట మిస్త్రీ,” అన్నాడు కొంటా పోస్టుమాస్టరు నంద, కాగితాన్ని కౌంటరు మీదికి తోస్తూ. “ఇది లక్షా పది వేల సామానని కస్టమ్స్ వాళ్ళు లెక్క కట్టిన్రు. ఆ లెక్కన పన్ను కడితేనే పార్సిల్ ఇయ్యాలె.”

మోటార్లు చుట్టే నరసింహులు కాగితాన్ని దగ్గరకు లాక్కున్నాడు. “నేను పెట్టిందే నలభై ఒక్క వేలు గదా బాబూ!”

“పార్సిల్ నీ పేరు మీద ఉంది. పైసలు పోయింది కిషోర్ ఖాతాల నుంచి. ఇద్దరు కలిసి తక్కువ బిల్లు రాయించుకున్నరని వాళ్ళ అనుమానం.”

కిషోర్‌ది బస్టాండు దగ్గర నెట్ దుకాణం. కొంటాలో ఎవరికేం కావాలన్నా నగదు తెచ్చి అతని చేతిలో పెడతారు. అతను తన కార్డు గీకి తెప్పిస్తాడు. అందులో తప్పేముందో నరసింహులుకు ఇప్పటికీ అర్థం కాలేదు.

“ఆ పైసలు నీయే అని సబూత్ పెట్టు,” అన్నాడు నంద. “ఇయ్యాలే ఆఖరు తారీఖు. నాలుగింటి లోపల వాళ్ళ దగ్గర నుంచి హుకుం రాకుంటే పార్సిల్ వాపస్.”

గోడ గడియారంలో రెండున్నర అయింది.

నరసింహులు వెనక్కి తిరిగి చూశాడు. బెంచీ మీద తల్లి తాయారమ్మ ఒళ్ళో కొంగు పరచుకుని చింతపండు గింజలు తీస్తోంది. ఆరేళ్ళుగా ఆమెకు చెవి పక్కన లారీ హారను కొట్టినా వినపడదు. కౌంటరు మీది చిన్న డబ్బాలో ఉన్నది ఆమె చెవికి పెట్టే మిషనే. రాయపూర్‌లో అడిగితే లక్ష దాటి చెప్పారు. బయటి దేశం సైటులో వెతికి కిషోర్ తెప్పించాడు. ఎంతయిందని ఆమె అడిగితే నరసింహులు తొమ్మిది వేళ్ళు చూపించాడు. తొమ్మిది వందలు.

ఆ రుజువు అతని జేబులోనే ఉంది. గీదంలో నగల సేటు ఇచ్చిన రసీదు. తల్లి పెట్టె అడుగున, పట్టుచీర మడతలో ఉన్న బంగారు గుండ్లపేరు అమ్మినప్పటిది. ఆ పెట్టె ఆమె ఉగాదికి తప్ప తీయదు. అడిగితే ఏమనేదో అతనికి తెలుసు. “నా చెవులు పోతే పోయినయ్. అది నీ బిడ్డ లాస్యకు దాచింది” అనేది. అందుకే అడగలేదు. ఈ రసీదు గాని ఆమె కంట పడితే మిషను ముట్టుకోదు సరే, కొడుకు చేతి ముద్ద కూడా ముట్టుకోదు.

“ఉన్నదా, లేదా?”

“ఉన్నది. జర మెల్లగ చదువు బాబూ.”

నంద పకపకా నవ్వాడు. “మీ అమ్మకు వినపడకనే గదా ఈ డబ్బా వచ్చింది! ఎవరికి భయపడుతున్నవ్?”

నిజమే. అయినా నరసింహులు తల్లికి అడ్డంగా నిలబడి రసీదు తీశాడు. ఆమెకు అక్షరం రాదు కాని, పైన హారం బొమ్మ ఉంది.

నంద గట్టిగానే చదివాడు. “పాత గుండ్లపేరు ఒకటి. తూకం ఆరు గ్రాములు. నలభై ఒక్క వేలు, నగదు. తారీఖు కూడా కిషోర్ పైసలు కట్టిన రోజే. బరాబర్ ఉంది మిస్త్రీ!”

ఫొటో తీసి పంపి, రసీదు తిరిగిచ్చాడు. నరసింహులు దాన్ని మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ఇక ఎదురుచూపు. మూడయింది. మూడున్నర అయింది. కరెంటు ఒకసారి పోయి వచ్చింది. ఫ్యాను కిర్రుమంటూ మళ్ళీ తిరిగింది. తాయారమ్మ ఒళ్ళో గింజల కుప్ప పెరుగుతోంది. నరసింహులు చెమట తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

నాలుగుకు అయిదు నిమిషాలుండగా నంద తలెత్తాడు. “ఒప్పుకున్నరు! నలభై ఒక్క వేల మీదనే పన్ను.”

నరసింహులు డబ్బు కట్టి, డబ్బా అక్కడే విప్పాడు. గింజంత మిషను. కాగితం మీది బొమ్మలు చూసుకుంటూ తల్లి చెవికి తగిలించి, మీట నొక్కాడు.

“అమ్మా!”

ఆమె పలకలేదు. తలెత్తి ఫ్యాను వంక చూస్తూ ఉండిపోయింది.

“అమ్మా! ఓ అమ్మా!”

ఆమె చేతిలో చింతగింజ అలాగే ఉంది. చూపు ఫ్యాను మీద నుంచి రేకుల మీది పావురాల వైపు పోయింది. ఎప్పటి ముఖమే. నరసింహులు కౌంటరుకు చేరగిలబడ్డాడు.

“ఖరాబ్ మాల్ పంపిన్రు బాబూ. ఆమెకు తెల్వకుండ దొంగోని లెక్క పెట్టె తీసిన. ఆరు గ్రాముల బంగారం మట్టిల పోసిన.”

“రో మత్, ఏడ్వకు మిస్త్రీ. గీదం సేటు రసీదు, కస్టమ్స్ కాగితం రెండూ జాగ్రత్తగ పెట్టు. సబూత్ ఉంటే వాపస్ చెయ్యొచ్చు.”

తాయారమ్మ లేచింది. కొంగు దులిపింది. చెప్పులు వేసుకుంది. కొడుకు జేబులోంచి ఆ రసీదు లాక్కుని బొడ్లో దోపుకుని గుమ్మం వైపు నడిచింది. నరసింహులు గాభరాగా ఎదురెళ్ళి, ఎక్కడికని చేయి తిప్పి అడిగాడు.

“చేతులు ఊపుడు బంద్ చెయ్, నర్సిమ్ములూ,” అంది తాయారమ్మ. “గీదం బస్సు ఎక్కు. నా తులమున్నర గుండ్లపేరు ఆరు గ్రాములెట్లయిందో ఆ సేటును సబూత్ అడుగుదాం.”